సర్వర్ మీద బొట్టుబిళ్ళ

మా పక్కింటి మేడం పోయిన వారం చనిపోయింది. ఆ సంగతి ఫోన్‌కు వచ్చిన ఒక ఫోటో వల్ల తెలిసింది. ఆమె ముఖం చుట్టూ గులాబీలు, కింద "సైబర్ సింహం ఇక లేరు" అని పెద్ద అక్షరాలు. పంపినవాళ్ళు కడపలో ఆమె కంప్యూటర్లు పరీక్ష చేసిపెట్టిన ఆసుపత్రివాళ్ళు. బతికి ఉండగా ఆమెను "దొంగ మేడం" అని వెనకాల నవ్వుకున్నదీ వాళ్ళే. సింహమట! ఆమె చూసి ఉంటే, ముందు ఆ ఫోటో ఎవరిని అడిగి పెట్టారని అడిగేది.

ఆమె పనేమిటో చెప్తాను. కంప్యూటర్లలోకి, వాటిని కలిపే నెట్‌వర్క్‌లోకి దొంగ ఎక్కడినుంచి దూరగలడో, వాడికంటే ముందే తాను దూరి చూసి, ఇక్కడ కంత ఉంది, పూడ్చుకోండి అని రాసిచ్చేది. ఎథికల్ హ్యాకింగ్ అంటారు. ఏడో తరగతితో చదువు ఆపేసిన నాకు ఆ మాట పలకడానికే చాలా రోజులు పట్టింది. మా వీధిలో బాగా చదువుకున్నవాళ్ళకేమో అందులో రెండో ముక్క ఒక్కటే వినబడింది.

మా వీధిలో ఎవరైనా పొయ్యి దాకా నడిచి వచ్చేస్తారు. ఆమె మాత్రం గడప బయటే నిలబడి, వేలి కణుపుతో తలుపు మీద రెండుసార్లు కొట్టి, "రావచ్చునా పాపా?" అనేది.

"తెరిచే ఉండాది కదా మేడం."

"తెరిచుండేది వేరే, రమ్మనేది వేరే."

"ఈయమ్మకు శానా టెక్కు" అనేది మా అత్త.

టెక్కు కాదు. ఆమె పని మొత్తం ఆ రెండు దెబ్బల్లోనే ఉందని నాకు తర్వాత తెలిసింది. యజమాని సంతకం పెట్టిన అనుమతి కాగితం చేతికి రాకుండా కీబోర్డు మీద వేలు పెట్టేది కాదు. ఏవి ముట్టవచ్చో, ఏవి ముట్టకూడదో, ఎన్ని రోజులో అందులో రాసి ఉండాలి. "వరండా అని రాసుంటే వరండానే. వంటింట్లోంచి నెయ్యి వాసన వచ్చినా పోకూడదు" అనేది.

నన్ను పరీక్ష చేసినప్పుడు కూడా ముందు అడిగింది. "ఈ వారంలో ఒకసారి నిన్ను మోసం చేసి చూస్తా, సరేనా?" సరేనన్నాను. నాలుగు రోజులు జాగ్రత్తగా ఉన్నాను. ఐదోరోజు గ్యాస్ ఆఫీసు నుంచి అంటూ ఎవరో మాట్లాడితే, ఫోన్‌కు వచ్చిన నంబరు గడగడా చదివేశాను. నిమిషంలో తలుపు మీద రెండు దెబ్బలు. ఆ ఫోన్ చేయించింది మేడమే.

"ఇచ్చేస్తివి కదమ్మే!"

"ఆయప్ప శానా మర్యాదగా అడిగినాడు మేడం."

"మర్యాదగా అడగని దొంగ యాడుంటాడు పాపా?"

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

ఆసుపత్రి పని వచ్చినప్పుడు నన్ను సాయం రమ్మంది. నాకు అక్కడ ఒక భయం ఉంది. వాళ్ళ కంప్యూటర్లలో నా రిపోర్టులు ఉన్నాయి. నాకు రెండుసార్లు కడుపు పోయింది. మా అత్తకు ఒకసారే తెలుసు. రెండోది నాకు, తుమ్మలపల్లె గనిలో పనిచేసే మా ఆయనకు, ఆ కంప్యూటర్లకు మాత్రమే తెలుసు. మేడం అప్పటికే, రోగులు కూర్చునే హాల్లోని వైఫై నుంచి ఆ రిపోర్టుల దాకా దారి ఉందని కనిపెట్టింది. ఇక ఆ కంప్యూటర్ల గదిలోకి కాళ్ళతో నడిచి పోగలమా లేదా అన్నది చూడాలి.

"నాకు ఎవురితోనైనా మాట్లాడాలంటే సిగ్గు మేడం" అన్నాను.

"ఆ సిగ్గే నీ తాళంచెవి. తల వంచుకుని పో."

క్యారియర్‌లో పై గిన్నెలో ఆసుపత్రి యజమాని అయిన పెద్ద డాక్టరు సంతకం పెట్టిన అనుమతి కాగితం, కింది గిన్నెలో చిత్రాన్నం. వాకిట్లో గార్డు ముందు తల వంచుకుని నిలబడ్డాను. ఆయనే, "కంప్యూటర్ సారుకా? పైకి పోమ్మా" అన్నాడు. పైన, రిపోర్టులన్నీ దాచే సర్వర్ డబ్బాలు పెట్టిన గది తలుపు మూసుకోకుండా నీళ్ళ క్యాను అడ్డం పెట్టారు. లోపల మనిషి లేడు. గోడ మీద కాగితంలో పాస్‌వర్డ్ రాసి ఉంది: ఆసుపత్రి పేరు, పక్కన ఒకటి రెండు మూడు. నా చదువుకు అది చదవడం ఏం కష్టం కాలేదు. మేడం చెప్పినట్టే ఇంకేదీ ముట్టకుండా, నుదుటి మీది మెరూన్ బొట్టుబిళ్ళ తీసి, అద్దానికి అంటించినట్టు మూడో డబ్బాకు అంటించి వచ్చాను.

ఆ సాయంత్రం పెద్ద డాక్టరు ముందు కంప్యూటర్ల మేనేజరు కాలు మీద కాలు వేసుకుని, "మా సర్వర్ రూములోకి ఈగ కూడా దూరదు మేడం" అన్నాడు.

"ఈగ సంగతి తెలీదప్పా. ఈ పాప దూరింది. మూడో డబ్బా మీద బొట్టుబిళ్ళ ఉండాది, పోయి చూసి రా."

పోయి వచ్చాడు. ముఖం మాడిపోయింది. "ఏడో తరగతి ఆమెను తెచ్చి మాకు పరీక్షనా?" అన్నాడు.

"దొంగ వస్తే ఏం చదివినావని అడుగుతావా ఏమప్పా?"

ఆమె ఇచ్చిన మందపాటి రిపోర్టులో మొదటి మాట "తలుపు వేయండి". దానికి ఆ మేనేజరు, "ఇది చెప్పేదానికి ఇంత చదువు కావాల్నా!" అని తన మనుషులకు చూపించి నవ్వాడు. అంత తెలివైనవాడు.

మేడమ్‌ను ఆత్మకూరు దగ్గర వాళ్ళ ఊర్లో మట్టి చేశారు. మూడోనాడు ఆసుపత్రిలో సంతాప సభ పెడితే మా వీధి ఆడవాళ్ళతో నేనూ పోయాను. ఆ మేనేజరే మైకు పట్టుకుని, "మేడం చూపిన దారిలోనే నడుస్తున్నాం" అంటున్నాడు. వినలేక లేచి మెట్లెక్కాను.

తలుపు తెరిచే ఉంది. అదే నీళ్ళ క్యాను. మూడో డబ్బా మీద నా బొట్టుబిళ్ళ అంచులు లేచి, దుమ్ము పట్టి, అక్కడే ఉంది. తలుపు వేయడం సరే, దాన్ని గోటితో గీకి పారేసే ఓపిక కూడా లేదు వీళ్ళకు. నా రెండో కడుపు సంగతి ఆ డబ్బాల్లోనే ఎక్కడో ఉంది. లోపలికి పోయి అన్నిటినీ పీకేయాలన్నంత కోపం వచ్చింది. కానీ ఈసారి నా దగ్గర కాగితం లేదు. గడప బయటే నిలబడి, తెరిచిన తలుపు మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టాను. పలికే దిక్కు లేదు. మళ్ళీ కొట్టాను.

గార్డు వచ్చాడు. "ఏమ్మా, సారుకు అన్నమా? సారు కింద ఉండాడు. లోపల పెట్టేసి పో."

నా చేతులు ఖాళీగా ఉన్నాయి. అది కూడా చూడలేదు.

"నేను లోపలికి పోనప్పా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆ క్యాను తీసి తలుపు వెయ్."

"గాలాడదమ్మా..."

"వెయ్ అంటాండా కదా!"

ఆయన క్యానును కాలితో జరిపాడు. రేపు అది మళ్ళీ అక్కడికే వస్తుందని నాకు తెలుసు. తలుపు మెల్లగా మూసుకుంది. సందు సన్నబడేకొద్దీ లోపల పచ్చ దీపాలు ఒక్కొక్కటిగా మరుగైపోయాయి. చివరికి ఒక్క దీపం, దాని పక్కన మెరూన్ చుక్క మిగిలాయి. తర్వాత తలుపు పడింది.