కల్తీ డీజిలు మీద నా ధర్మయుద్ధం

పడవ ముంచినవాళ్లని మా కళింగపట్నం వైపు జనం జాలిగా చూస్తారు. నన్ను చూస్తే మాత్రం నవ్వుతారు. ఎందుకంటే నేను పడవని ముంచలేదు, అంతకంటే పెద్ద పనే చేశాను. చెప్తాను, మీరూ నవ్వండి. మా ఆవిడ ఇప్పటికీ ఆపలేదు.

మా మావ అప్పన్నకి ఫైబర్ పడవ ఉంది. డీజిలు ఇంజిను, అది మొండికేస్తే ఎత్తుకోవడానికి ఒక తెరచాప. మావకి కొడుకుల్లేరు, ఇద్దరు అల్లుళ్లం. నేనొకణ్ణి, తోడల్లుడు తాతారావు ఒకడు. ఇంజిను ఎవరి చేతిలో పెట్టాలా అని మావ చాన్నాళ్లు ఆలోచించి, చేపలవేట మీద వేసవి నిషేధం అయిపోయి వేట మొదలయ్యే రోజు నన్ను పిలిచాడు. "ఈ పూట నువ్వు నడుపు. సక్కగా తిరిగొచ్చేవంటే ఇంజిను నీదే" అన్నాడు. తాతారావు ఏమీ అనలేదు. వాడెప్పుడూ ఏమీ అనడు, నాకు ఒళ్లు మండేది అందుకే.

నేను ఊరుకుంటానా? ట్యాంకు విప్పి, కడిగి, అద్దంలా తుడిచి, నిండా బంకు డీజిలు పోయించాను. వేటకెళ్లే ముందు పడవ మూతికి పసుపునీళ్లు పోసి, బొట్టు పెట్టి, గంగమ్మకి కొబ్బరికాయ కొట్టడం మా ఆచారం. ఆ రోజు నాకో గొప్ప ఆలోచన వచ్చింది. పని చేసేది ఇంజినైతే పూజంతా పడవ మూతికెందుకు, ఇంజినుకే చేయిద్దామనుకున్నాను. ట్యాంకు ఎంత బాగా కడిగానో నలుగురూ చూడాలని మూత కూడా తీసి పెట్టాను. అత్త బంతిపూరేకులేసిన పసుపునీళ్ల చెంబు పట్టుకుని ఆగింది.

"మూతెయ్యవేటిరా?"

"గంగమ్మని గుమ్మం బయటే నిలబెడతావేటి అత్తా? పొయ్యి."

మీకు సంగతి అర్థమైపోయింది కదా. నాకు కాలేదు. అంత డీజిల్లో నాలుగు చుక్కలు ఏం చేస్తాయనుకున్నాను. మా అత్త భక్తిలో చుక్కల్లేవు, అంతా ధారే. దాని మీద నేను కొబ్బరికాయ కూడా కొట్టాను.

మావ, తాతారావులతో బయల్దేరాను. ఒడ్డు కనుమరుగయ్యేదాకా ఇంజిను పాట పాడినట్టు నడిచింది. తర్వాత ముసలి మేకలా దగ్గి ఆగిపోయింది. ఫిల్టరు విప్పాను, డీజిలు పైపులో చేరిన గాలి తీశాను, చేతులు బొబ్బలెక్కేలా హ్యాండిలు తిప్పాను. ఒక్క దగ్గు దగ్గి మళ్లీ పడుకునేది. ఎప్పుడూ మాట్లాడని తాతారావు అప్పుడే నోరు తెరిచాడు.

"నీళ్లు గాని ఎల్లినాయేమో."

"నా సేత్తో కడిగిన ట్యాంకులో నీళ్లేటి? ఇది కల్తీ డీజిలు. బంకువాడు మనల్ని ముంచీసినాడు."

అన్నాక ఊరుకోవచ్చు కదా. ఫోనుకి ఇంకా సిగ్నలుంది, అదే నా ఖర్మ. ఊళ్లో తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసి, బంకు దగ్గరికి పదండి, ఈ రోజు తేల్చుకుందామన్నాను. ట్యాంకు అడుగు నుంచి ఖాళీ నీళ్ల సీసాలోకి కాస్త వంపి సాక్ష్యం కూడా తయారుచేశాను. పైన డీజిలు, కింద చిక్కటి పసుపుపచ్చ. "రంగు సూసేరా, ఏటో మందు కలిపినాడు" అని ఇద్దరికీ చూపించాను. మావ మాత్రం సీసా వైపు చూడకుండా లేచి తెరచాప ఎత్తాడు. గాలి దయవల్ల మెల్లగా ఒడ్డు చేరాం. పక్క పడవలు నిండా చేపలతో మమ్మల్ని దాటిపోయాయి.

బంకు దగ్గర తిరనాళ్లలా ఉంది. ముందు వరసలో కొంగు నడుముకి బిగించి మా అత్తే. ఒక చేతిలో ఇంజిను హ్యాండిలు, రెండో చేత్తో సీసా పైకెత్తి నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. పేదోడి కష్టం అన్నాను, కడుపు మంట అన్నాను. జనం ఈలలు వేశారు. బంకు యజమాని ఓపికున్నవాడు, అంతా విని అన్నాడు:

"బాబూ, పొద్దున్న అన్ని పడవలకీ ఇదే డీజిలు ఎల్లినాది. అన్నీ తిరిగినాయి. నీదే ఆగినాది."

"అయితే ఈ పసుప్పచ్చ ఏటో సెప్పు మరి."

చెప్పింది ఆయన కాదు. అత్త నా చేతిలోంచి సీసా లాక్కుని ఎండకేసి పట్టుకుంది. అడుగున ఒక బంతిపూరేకు అటూ ఇటూ తిరుగుతోంది.

"ఒరే, ఇది మన పసుపేరా. నువ్వు పొయ్యమన్నదే."

ఆ తర్వాత వచ్చిన నవ్వు కళింగపట్నం లైట్‌హౌసు దాకా వినబడే ఉంటుంది. నీళ్లు బరువు, అడుక్కి దిగుతాయి. ఇంజిను తాగేది కూడా అడుగు నుంచే. ఈ ముక్క నాకు తెలియదా? తెలుసు. ఆ క్షణంలో మాత్రం నాకు ఏడుపే వచ్చింది. చేతికందిన ఇంజిను, నా నోటితో నేనే పోగొట్టుకున్నాను.

మావ బంకు యజమానికి దండం పెట్టి, ఏటనుకోకు బాబూ అన్నాడు. నా చేతిలోని హ్యాండిలు తీసి తాతారావుకిచ్చాడు. నేను తలొంచుకుని నిలబడ్డాను. మావ నా భుజం తట్టాడు.

"రేపట్నించి ఇంజిను ఆడు సూసుకుంటాడు. నువ్వు పూజ సూసుకో."

అప్పటి నుంచి మా పడవలో పూజారిని నేనే. నా అంత శ్రద్ధగా బొట్టు పెట్టేవాడు ఈ తీరంలో ఇంకొకడు లేడు, ఆ మాట ఎవరి ముందైనా అంటాను. అందుకే గంగమ్మ సాక్షిగా, మీ అందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఏ ఇంజినుకి దండం పెట్టినా, మూత బిగించాకే పెడతాను.