మట్టితో మూసిన కిటికీ

మేస్త్రీ బాబాయి పోయాడని మొన్న మంగళవారం పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. నరసరావుపేటలో బడికి సెలవు పెట్టి గురజాల బస్సెక్కాను. దారి పొడుగునా ఏడుపు రాలేదు, భయమేసింది. మా ఇద్దరికే తెలిసిన సంగతి ఒకటుంది. ఇక అది నాకొక్కదానికే తెలుసు.

ఆయన మాకు చుట్టం కాదు. మా ఊళ్లో మసీదు బజారులో ఉండే తాపీ మేస్త్రీ. ఊరి గోడల్లో సగం ఆయన చేతివే. నాకు తొమ్మిదేళ్లప్పుడు పంచాయతీ ఎన్నికల్లో మా నాన్న ఒక పార్టీ, ఎదురింటి పెద్దాయన ఇంకో పార్టీ. ఎన్నికలయ్యేసరికి రెండిళ్ల మధ్య మాటలు పోయి రాళ్లు మొదలయ్యాయి. ఒక సాయంత్రం మా వాకిట్లో నాటుబాంబు పేలింది. ఎవరికీ ఏమీ కాలేదని పెద్దవాళ్లు చెప్పుకుంటారు. నాకయింది. ఇప్పటికీ రోడ్డు మీద సైకిల్ ట్యూబు పేలితే నా చేతిలో సుద్దముక్క జారిపోతుంది.

అప్పటి నుంచి నేను ఇళ్లు కట్టడం మొదలుపెట్టాను. అరుగు నాపరాళ్ల మీద, సుద్దతో. ఒకటి భూమి లోపల, పైకి చూస్తే ఉత్త మిరపచేను. ఒకటి సాగర్ నీళ్ల నడుమ, పడవ కూడా రాలేనంత దూరంలో. ఏ ఇంటికీ కిటికీ లేదు. ఇంట్లోవాళ్లకవి పిచ్చిగీతలు. బాబాయి మాత్రం పని నుంచి వెళ్తూ ఆగి, గొంతుక్కూర్చుని, నిజం ప్లానును చూసినట్టే చూసేవాడు.

"పొయ్యి ఏడ పెట్టావమ్మాయ్?"

"ఇక్కడ."

"మరి పొగ ఎటు పోద్ది? ఇంక బాంబులెందుకు, మీ అమ్మ వంటే చంపుద్ది అందర్నీ."

నవ్వించాలని అన్నాడు. నేను బావురుమన్నాను. ఆయన కంగారుపడి సుద్ద తీసుకుని పొయ్యి మీద ఒక గొట్టం గీశాడు. మర్నాడు వచ్చి, చుట్టం వస్తే ఏడ కూసోబెడతావని అడిగాడు. ఎవరూ రారన్నాను.

"ఎవరూ రాకపోతే అది ఇల్లెట్టయిద్ది? గోడౌను అయిద్ది."

ఎవరూ రాకూడదనే కదా నేను కట్టుకుంటున్నది! ఆ మాటకు రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆ వారమే బజారు వైపు కిటికీ మూసెయ్యమని నాన్న ఆయన్ని పిలిపించాడు. ఇటుకలు పేర్చి, పైన సిమెంటు పూసి, గోడంతా చదును చేశాడు. నాన్న బయటికెళ్లగానే నన్ను దగ్గరకు పిలిచాడు.

"ఇటుకల మధ్యన సిమెంటు లేదమ్మాయ్, అంతా మట్టే. పైపూతే సిమెంటు. ఎప్పటికన్నా తియ్యాల్సిందేగా! గునపంతో రెండు పోట్లేస్తే ఊడొచ్చిద్ది. మీ నాయనకి చెప్పమాక."

నాకు ధైర్యం ఇచ్చాననుకున్నాడు పాపం. పెద్దవాళ్లు పిల్లలకు చేసే మేలు ఒక్కోసారి ఇట్లాగే ఉంటుంది. ఆ రోజుతో నాకు నిద్ర కరువైంది. నా మంచం ఆ గోడ పక్కనే. రెండు పోట్లకు పడిపోయే ఇంట్లో మేమందరం ఉన్నామని తెలిసింది నాకొక్కదానికే. చెబితే నాన్న బాబాయిని ఏం చేస్తాడో, చెప్పకపోతే మేమేమవుతామో. జ్వరమొస్తే పలవరింతలో ఎక్కడ బయటపెడతానోనని దుప్పటి నోట్లో కుక్కుకునేదాన్ని. అరుగు మీద నా ఇళ్లకు గోడలు మందమయ్యాయి. ఒక గీత ఉన్నచోట నాలుగు గీతలొచ్చాయి.

చాలా ఏళ్లు ఆయన్ని తిట్టుకున్నాను. నాన్న పోయాక కూడా ఆ గోడ జోలికి పోలేదు. కానీ నేను టీచరునయ్యాక, ఇల్లు గీయమంటే కిటికీ లేని ఇల్లు గీసిన పిల్ల ఎవరైనా కనిపిస్తే, పక్కన కూర్చుని పొయ్యి ఎక్కడ పెట్టావని అడుగుతాను. నాకా అడగడం నేర్పింది ఆయనే. ఈ ముక్క ఆయనతో ఒక్కసారైనా అనలేదు. దానికి సిగ్గుపడుతున్నాను.

మగవాళ్లు జనాజా ఎత్తుకుని వెళ్లిపోయాక ఆడవాళ్లం బాబాయి వాళ్లింట్లో చాపల మీద కూర్చున్నాం. ఎదురింటి పెద్దాయన కూతురు వచ్చి నా పక్కన చేరింది. మాదొకటే ఈడు. ఒకప్పుడు ఒకే బెంచీ. ఆ ఎన్నికల తర్వాత మాటల్లేవు. చాప కొస సర్దుకుంది. తర్వాత నావైపు చూడకుండానే అడిగింది.

"మీ బజారు కిటికీ ఇంకా మూసే ఉందా?"

"ఉంది."

"మట్టేనా?"

ఇన్నేళ్లుగా దేనికి భయపడ్డానో అది ఎదురింటి మనిషి నోట్లోంచే వచ్చింది.

"మాదీ మట్టే," అంది. "మా నాన్న కూడా ఆయన చేతే మూయించాడు. మట్టి సంగతి బాబాయి నాకొక్కదానికే చెప్పాడు. మీవాళ్లకి ఏడ తెలిసిద్దోనని చానా ఏళ్లు ఆ గదిలో పడుకోలా."

"నువ్వు కూడా ఇళ్లు గీసేదానివా?"

"తాటిచెట్టు మీద. ఎక్కినాక నిచ్చెన పైకి లాక్కునేదాన్ని."

ఇద్దరం నవ్వబోయి చావింట్లో బాగుండదని ఆగిపోయాం.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, దొడ్లో గునపం తెచ్చుకుని ఆ గోడ ముందు నిలబడ్డాను. చెయ్యి లేవలేదు. ఇంత వయసొచ్చినా లేవలేదు. గునపం కింద పెట్టి, గోడకు చెవి ఆనించాను. బజారు అవతల ఎదురింటి నుంచి దబ్బుమని చప్పుడైంది. అలవాటుకొద్దీ తల మీద చేతులు పెట్టుకుని నేల మీద కూలబడ్డాను. మళ్లీ దబ్బుమంది. ఈసారి వెనకే ఇటుకలు రాలిన చప్పుడు వినిపించింది. తల మీద చేతులు తీయకుండానే, అట్లాగే కూర్చుని, మూడో పోటు కోసం చెవులు రిక్కించాను.