నేను ఇంట్లో లేని మూడు రోజులు

పదో తరగతి పాసైన పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమని మా పేటలో ఏటా వేసవిలో ఎవరో ఒకరిని పిలుస్తారు. రిటైరైన తహసీల్దారుగారిని పిలిచారు. పళ్ళ డాక్టరుగారిని రెండుసార్లు పిలిచారు. ఒక ఏడాది రావాల్సిన పెద్దమనిషి రాకపోతే, షామియానా వేసినాయన చేత కూడా మాట్లాడించారు. బందరులోనే పుట్టి, బందరులోనే ఉద్యోగం చేస్తూ, సభ జరిగే వీధికి రెండు వీధుల అవతల కాపురముంటున్న నన్ను మాత్రం ఇంతవరకూ ఒక్కరూ పిలవలేదు. కుర్చీల్లో కూర్చోవడానికి కూడా పిలవలేదు, నేనే వెళ్ళి కూర్చున్నాను. కాబట్టి నేను చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. ఆ వయసులో దారి ఎంచుకోవడం గురించి నాకు తెలిసినంత పళ్ళ డాక్టరుగారికి తెలియదని నా గట్టి నమ్మకం. ఆయన తను అనుకున్నదే చదివారు, అనుకున్నదే అయ్యారు. అలాంటి మనిషికి ఈ విషయంలో అనుభవం ఎక్కడినుంచి వస్తుంది?

ఆ రోజుల్లో, అంటే సెల్‌ఫోన్లు ఇంకా మా ఇళ్ళ గడప తొక్కని రోజుల్లో, పిల్లలకు సలహాలకు లోటు ఉండేది కాదు. ప్రశ్నలకే లోటు. మాది తరాలుగా బడిపంతుళ్ళూ గుమాస్తాలూ పుట్టిన వంశం. నాన్న కోర్టులో గుమాస్తా. అమ్మకి అన్నగారైన గుడివాడ మావయ్య హైస్కూల్లో లెక్కల మాస్టారు. అమ్మకి అక్కగారైన పెడన పెద్దమ్మకి ఉద్యోగం లేదు గానీ అభిప్రాయాలుండేవి. ఇంట్లో ఎవరు పదో తరగతి పాసైనా అమ్మతో కలిపి ఈ నలుగురూ మా ముందు గదిలో సమావేశమై, వాడు ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో తేల్చేవారు. నా వంతు వచ్చినప్పుడు నేను తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని తలుపు పక్కన నిలబడ్డాను. మావయ్య నన్ను చూసి, "ఎండ పేలిపోతోందిరా, మజ్జిగలోకి కాస్త ఐసు పట్రా" అన్నాడు. నేను సైకిలేసుకుని చేపల కోసం ఐసు తయారుచేసే ఫ్యాక్టరీ దాకా వెళ్ళి, రంపంపొట్టులో పెట్టి గోనెగుడ్డలో చుట్టిన ఐసుగడ్డ తెచ్చాను. దార్లో సగం కరిగింది. మిగతా సగంతో ఇంటికొచ్చేసరికి నా భవిష్యత్తు తేలిపోయింది. గుడివాడలో కాలేజీ, ఎంపీసీ, మావయ్య ఇంట్లో మకాం. పెద్దమ్మ గ్లాసు ముందుకు చాపి, "చిన్న ముక్కలు కొట్టరా, గొంతుకడ్డం పడుతుంది" అంది. నా జీవితం గురించి ఆ రోజు నాతో నేరుగా అన్న మాట అదొక్కటే.

నేను ఊరుకోలేదు. (ఊరుకోవడం నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు.) రాత్రి అన్నాల దగ్గర ఎంపీసీ వద్దని నాన్నతో చెబితే, మావయ్య చెప్పాడుగా అన్నారు. మావయ్యతో చెబితే, మీ నాన్న ఒప్పుకున్నారుగా అన్నాడు. అమ్మతో చెప్పబోతే, ఆవిడ మోచేతుల దాకా కొత్త ఆవకాయ కలుపుతోంది, కళ్ళల్లో కారం పడుతుంది పక్కకి పొమ్మంది. ఒక్కరైనా "నీకేం చదవాలనుందిరా" అని అడుగుతారేమోనని మూడు రోజులు చూశాను. నాలుగో రోజు పొద్దున్న ఇల్లు వదిలి పారిపోవాలని నిర్ణయించుకున్నాను. నన్ను వెతుక్కుంటూ అందరూ కంగారుపడి తిరగాలి, దొరికాక కన్నీళ్ళతో ఆ ప్రశ్న అడగాలి. ఇదీ నా పథకం.

పారిపోవడానికి నాకున్న ఒకే ఒక దిక్కు సముద్రం. అది మా క్లాసువాడికి మేం పెట్టిన పేరు. హంసలదీవి దగ్గర చేపలు పట్టేవాళ్ళ పల్లె వాడిది. బందరు హాస్టల్లో ఉండి మాతో చదువుకున్నాడు, పరీక్షలవగానే ఇంటికెళ్ళిపోయాడు. ఉత్తచేతులతో గడప దాటితే అమ్మ ఎక్కడికని అడుగుతుంది కనుక, గుడివాడ మావయ్యగారింటికి వెళ్ళొస్తానన్నాను. ఇక్కడే నేను మా ఇంటి పద్ధతి మర్చిపోయాను. మా వైపు వేసవిలో ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి మనిషి కదిలినా ఖాళీగా కదలకూడదు. అమ్మ తక్షణం లోపలికెళ్ళి, మూతికి పాత పంచెగుడ్డ కట్టిన కొత్త ఆవకాయ జాడీ తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఒళ్ళో పెట్టుకో, బస్సు కుదుపుకి నూనె ఒలుకుతుంది. అన్నయ్యకి చెప్పు, ఈసారి కారం ఎక్కువైందని." లోకం మీద అలిగి ఇల్లు వదిలినవాళ్ళు చాలామంది ఉండొచ్చు. ఒళ్ళో ఆవకాయ జాడీతో వెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను. అవనిగడ్డ బస్సులో పక్క సీటాయన చల్లపల్లి దాకా ఆ వాసన పీలుస్తూ కూర్చుని, చివరికి ఎవరింటికి బాబూ అని అడిగాడు. నేను మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను.

అవనిగడ్డలో బస్సు మారి, కోడూరులో దిగి, ఎవరిదో ట్రాక్టరెక్కి పల్లెకి చేరేసరికి మధ్యాహ్నమైంది. సముద్రం వాళ్ళమ్మ ఇసకలో వలపట్టాల మీద ఎండుచేపలు తిరగేస్తోంది. కబురు లేకుండా దిగిన నన్ను చూసి ఎందుకొచ్చావని అడగలేదు. "మీరు నీసు తింటారా బాబూ?" అని అడిగింది. తిననన్నాను. ఆవిడ చేతులు కడుక్కుని, పక్కింట్లోంచి రెండు దోసకాయలు తెప్పించి నాకు విడిగా పప్పు వండింది. నేను జాడీ గుడ్డ విప్పి ముందు పెట్టాను. ఇల్లు వదిలి ఆరుగంటలైనా కాలేదు, మా మావయ్య ఆవకాయ పరుల పాలైంది. ఆ క్షణంలో నాకు చాలా తృప్తి కలిగిన మాట నిజం.

అన్నం తింటుండగా ఆవిడ ఆ మాట అడిగింది. ఏ మాట కోసం మా ముందు గదిలో, వంటింట్లో, పెరట్లో కాపు కాశానో, ఆ మాటే. "అయితే బాబూ, తమరు ఇంక ఏం సదవాలనుకుంటన్నారు?"

నేను నోరు తెరిచాను. నోట్లో పప్పన్నం తప్ప ఏమీ లేదు. ఎంపీసీ వద్దన్నది నాకు స్పష్టంగా తెలుసు. మావయ్య ఇంట్లో ఉండనన్నది ఇంకా స్పష్టంగా తెలుసు. ఏం కావాలో మాత్రం, అడగలేదన్న కోపంలో పడి, ఒక్కసారి కూడా ఆలోచించుకోలేదు. ఇంకా అనుకోలేదండీ అని గొణిగాను. "పర్లేదులే, తినండి" అంది ఆవిడ, దాన్నొక పెద్ద విషయంగా ఎంచకుండా. ఆ 'పర్లేదులే' నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అక్కడితో అయినా బాగుండేది. సముద్రం గాడికి మాత్రం అంతా తెలుసు. వాడు ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేరబోతున్నాడు. పల్లెలో పడవ ఇంజను ఆగిపోతే బాగుచేసే మనిషి కోసం నాగాయలంక దాకా వెళ్ళాలి, ఆ మనిషి వచ్చేదాకా వేట ఉండదు, అందుకని. ఇంతేకాదు, సెలవుల ముందే బందరులో ముగ్గురిని పట్టుకుని మాట్లాడాడు. ఆ కోర్సు చదువుతున్నవాణ్ణి, చదివి పని చేస్తున్నవాణ్ణి, మధ్యలో మానేసినవాణ్ణి. మానేసినవాణ్ణి ఎందుకురా అన్నాను చిరాగ్గా. "ఆడే కదరా అసలు సంగతి సెప్పేది" అన్నాడు. మరి మీ ఇంట్లో ఏమన్నారంటే, "ఏమంటారు? నేనే ముందు సెప్పేశాగా" అన్నాడు. పక్కన కూర్చుని ఉప్పు గాలి పీలుస్తూ ఇంత తెలివైన మాటలు చెప్పే స్నేహితుణ్ణి భరించడం ఎంత కష్టమో అనుభవిస్తే గానీ తెలియదు. పదిహేనేళ్ళ పిల్లలకు ఎవరైనా మంచి మాటలు చెప్పాల్సి వస్తే, మానేసినవాణ్ణి కూడా అడగమని, ఇంట్లో మనమే ముందు చెప్పెయ్యాలని, ఈ రెండూ చెప్పండి చాలు. నన్ను పిలిచి ఉంటే నేనే చెప్పేవాణ్ణి.

మిగతా సమయమంతా నేను ఊరి దారి వైపు చూస్తూ గడిపాను. ఎక్కడ దుమ్ము లేచినా నాన్న వస్తున్నారనుకున్నాను. మొదటి రోజు, ఇంకా తెలిసుండదులే అనుకున్నాను. రెండో రోజు, పోలీసు రిపోర్టు ఇస్తున్నారేమో, అందుకే ఆలస్యమనుకున్నాను. మూడో రోజు సాయంత్రానికి నాకే వాళ్ళ గురించి బెంగ పట్టుకుంది. పాపం ఎలా ఉన్నారో, అమ్మ అన్నం మానేసిందేమో. ఇంక వాళ్ళని ఏడిపించడం న్యాయం కాదని నాలుగో రోజు బయల్దేరాను. సముద్రం వాళ్ళమ్మ జాడీ శుభ్రంగా కడిగి ఇవ్వబోయింది. ఇంటికి ఖాళీ జాడీతో వెళ్ళడానికి నా పౌరుషం ఒప్పుకోలేదు. ఉంచుకోండమ్మా అన్నాను.

సాయంత్రానికి బందరు చేరితే, మా గుమ్మంలో నాలుగు జతల చెప్పులున్నాయి. లోపల గొంతులు వినిపిస్తున్నాయి. నాన్న, అమ్మ, మావయ్య, పెడన పెద్దమ్మ కూడా ఉన్నారు. వచ్చేశారు, నా కోసమే అనుకుని చొక్కా సర్దుకున్నాను. గడపలో అడుగుపెట్టాను. నలుగురూ ఒక్కసారి నా వైపు చూశారు.

"ఆవకాయేదిరా?" అన్నాడు మావయ్య.

జరిగింది తర్వాత పెద్దమ్మ ద్వారా తెలిసింది. నేను గుడివాడలో ఉన్నానని అమ్మ నిశ్చింతగా ఉంది. నేను బందరులో ఉన్నానని మావయ్య నిశ్చింతగా ఉన్నాడు. ఆ మూడు రోజులూ నా పేరు ఏ ఇంట్లోనూ ఎవరూ ఎత్తలేదు. నాలుగో రోజు నా కాలేజీ దరఖాస్తు మీద నాన్న సంతకం కోసం మావయ్య వచ్చి, భోజనంలో ఆవకాయ వడ్డిస్తుంటే, ఈ ఏడు నాకు పంపలేదేమ్మా అని నిష్ఠూరమాడాడు. వాడి చేత పంపానుగా అంది అమ్మ. వాడు మా ఇంటికి రాలేదే అన్నాడు మావయ్య. అయితే జాడీ అక్కయ్య దగ్గరికి చేరి ఉంటుందని తేల్చి, పెడనకి మనిషిని పంపారు. నాకు పంపకుండా అన్నయ్యకి మాత్రం పంపావా అని పెద్దమ్మ తనే బయల్దేరి వచ్చేసింది. అంటే చూడండి, వాళ్ళు వెతికింది జాడీని. జాడీతో పాటు నేను కూడా పోయానని అప్పుడప్పుడే తెలుస్తోంది, ఇంతలో నేనే వచ్చి చెడగొట్టాను.

నేను పారిపోయానని చెప్పాను. ఎందుకని నాన్న అడిగారు. ఎంపీసీ వద్దు కాబట్టి అన్నాను. మావయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని, చాలా శాంతంగా, "అయితే ఏం కావాలో చెప్పు, ఇప్పుడే కొట్టేసి రాస్తాను" అని పెన్ను మూత తీశాడు. నిజంగానే తీశాడు. నాకు న్యాయంగా ఉండడం అలవాటు లేకపోయినా ఈ సంగతి దాచను. నేను పది రోజులు టైమివ్వమన్నాను. దరఖాస్తుకి మర్నాడే ఆఖరని చెప్పాడు. "నీకు వారం నుంచీ టైముందిరా" అన్నాడు. నా వేపు కాయితం తోశాడు. ఎంపీసీ అని ఉన్న ఆ కాయితం మీద విద్యార్థి సంతకం దగ్గర ఆ పూట పడింది నా సంతకమే. ఎవరూ నా చెయ్యి పట్టుకుని పెట్టించలేదు. ఇన్నేళ్ళుగా ఈ కథ ఎంతమందికి చెప్పినా ఈ ముక్క మాత్రం ఎప్పుడూ మింగేస్తూ వచ్చాను.

ఆ రెండేళ్ళూ ఫిజిక్సుతో కుస్తీ పట్టి, తర్వాత దారి మళ్ళి డిగ్రీ చేసి, ఇప్పుడు రెవెన్యూ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. ఊళ్ళోవాళ్ళ అర్జీలు తీసుకుని రసీదు ఇవ్వడం నా పని. నా అర్జీకి మాత్రం రసీదు లేదు. సముద్రం పడవ ఇంజన్లు బాగుచేస్తూ నాగాయలంకలో సొంత షెడ్డు పెట్టాడు. కనిపించినప్పుడల్లా, పెద్దాఫీసరువయ్యా నువ్వు అంటాడు. వెటకారమో, గౌరవమో ఇంతవరకూ తేల్చుకోలేకపోయాను.

ఈ వేసవిలో మా అమ్మాయి పదో తరగతి పాసైంది. ఫలితాలు వచ్చిన రోజే ఎదురుగా కూర్చోబెట్టుకుని, నా తరంలో ఎవరూ అడగని ప్రశ్న సగర్వంగా అడిగాను. ఆలోచించుకుంటాను నాన్నా అంది. మర్నాడు అడిగాను. కాఫీ ఇస్తుంటే అడిగాను, సైకిల్లో గాలి కొడుతుంటే అడిగాను, స్నేహితురాలితో ఫోన్లో ఉంటే చెయ్యి ఊపి సైగ చేసి మరీ అడిగాను. నిన్న అది ఫోను పక్కన పెట్టి, "నాన్నా, నాకేం కావాలో తెలుసుకుందామని అడుగుతున్నావా, నిన్నెవరూ అడగలేదని అడుగుతున్నావా?" అంది. వాళ్ళమ్మ వంటింట్లో నవ్వింది. నేను వినిపించుకోనట్టు పేపరు తీశాను, తలకిందులుగా ఉందని కాసేపటికి గానీ తెలియలేదు. దాని బల్ల మీద ఏదో జాబితా ఉంది, ఎవరెవరితోనో మాట్లాడాలని పేర్లు రాసుకుంది, అందులో నా పేరు లేదు. నేను చూడలేదనుకుంటోంది.

నా పదిహేనేళ్ళప్పుడు నాకు దొరకని పది రోజులు దానికిచ్చాను. కావాలంటే ఇంకో పది ఇస్తాను, వేసవంతా తీసుకోమను. నేనేమీ తొందరపెట్టడం లేదు. ముందు గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నానంతే. కానీ అమ్మాయ్, ఈ ఇంట్లో ఈ ప్రశ్నకి ఒక్కరైనా జవాబు చెప్పాలి. నేను చెప్పలేకపోయాను. నువ్వు చెప్పు.