మాచర్ల బస్సులో వేసిన కండువా

ఏ ఇంట్లోనైనా పోపులో ఎండుమిరపకాయలు మాడి ఆ ఘాటు వీధిలోకి వస్తే అందరూ తుమ్ముతారు, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటారు, ఆ ఇంటావిడని లోలోపల నాలుగు తిట్టుకుంటారు. నేను మాత్రం నవ్వుతాను. నిన్న సాయంత్రమూ అంతే. ఎదురింట్లో కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల పోపు మాడ్చేసింది. నేను వాకిట్లో నిలబడి ఒకపక్క తుమ్ముతూ ఒకపక్క కళ్ళు తుడుచుకుంటూ పడీ పడీ నవ్వాను. తనని చూసే నవ్వుతున్నానని ఆ పిల్ల చిన్నబుచ్చుకుంది. పిలిచి కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది, నీ గురించి కాదు తల్లీ, నాకు మా శేషయ్య బాబాయి గుర్తొచ్చాడు అని.

బాబాయంటే నాకు చుట్టరికమేమీ లేదు. నరసరావుపేటలో ఆయనది చీరల కొట్టు. పెళ్ళైన కొత్తలో నేను అందులో పనికి చేరాను. ఆయన ఇల్లు మా సందులోనే. అందుకని ఆయన బాబాయి, ఆయన భార్య కనకం పిన్ని. ముప్పయ్యేళ్ళు కలిసి బతికిన మనిషి ఒకరోజు వచ్చి వెళ్ళిపోతానంటే ఎలా నిలబడాలో నేను ఆయన్ని చూసి నేర్చుకున్నాను. ఆ విద్య నాకూ అక్కరకొస్తుందని అప్పుడు కలలో కూడా అనుకోలేదు. రెండేళ్ళ క్రితం మా ఆయన, ఇరవయ్యేళ్ళు నాతో కాపురం చేసిన మనిషి, ఇక ఉండలేనని బట్టలు సర్దుకున్నాడు. అప్పుడు నేను మంచం పట్టకుండా, నోరు పారేసుకోకుండా బయటపడ్డానంటే ఆ పుణ్యం బాబాయిదే.

ఆయన మాటకారి. కొట్టు మెట్టెక్కిన ఆడమనిషిని ఒక్కసారి ఎగాదిగా చూసి, "నీకు వంకాయ రంగు నప్పుద్ది తల్లీ, పసుపు జోలికి పోబాక" అని తేల్చేసేవాడు. ఆ మాట తప్పడం నేను చూడలేదు. పొద్దున్నే కొట్టు తలుపులు తీస్తే రాత్రి అందరి కొట్లూ మూశాక గానీ ఇంటికి పోడు. పండగలకీ అంతే, కూతురి పెళ్ళికీ అంతే. పీటల మీద కన్యాదానం చేసి లేచినవాడు లేచినట్టే కొట్టుకొచ్చాడని పేటలో చెప్పుకునేవాళ్ళు. అది నిజమే, నేనే తాళాలిచ్చాను. మధ్యాహ్నం భోజనానికి పిన్ని కేరేజీ పంపేది. ఆ కేరేజీలో మాకూ ఒక గిన్నె ఉండేది. పిన్ని పెద్దగా మాట్లాడే మనిషి కాదు గానీ ఆవిడ చేతి గోంగూర తిన్నవాడు ఇంకెవరి గోంగూరా మెచ్చుకోడు.

కూతురి పెళ్ళైన మరుసటేడు, ఎండలు ముదిరిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం పిన్నే స్వయంగా కేరేజీ తీసుకొచ్చింది. బేరాలు లేవు. పనివాళ్ళం ఇద్దరు ముగ్గురం చీరలు మడతలు పెడుతున్నాం. గిన్నెలు విప్పి బాబాయి ముందు పెట్టి, ఊరికే వాన గురించి చెప్తున్నట్టు చెప్పింది.

"రేపట్నుంచి కేరేజీ రాదు. నేను మాచర్లలో అక్క దగ్గరికి పోతన్నా."

"ఎన్నాళ్ళు?" అన్నాడు బాబాయి ముద్ద కలుపుతూ.

"ఉండటానికే."

ఆయన చెయ్యి ఆగిపోయింది. "నేనేం చేశానే?"

"ఏం చేయలా. అదే చెప్తన్నా. ఇన్నేళ్ళూ మీరేం చేయలా. ముక్కూమొహం తెలియని ఆడోళ్ళకి ఏ రంగు నప్పుద్దో గుక్క తిప్పుకోకుండా చెప్తారే, నాకే రంగు ఇష్టమో చెప్పండి చూద్దాం."

బాబాయి నోరు తెరిచాడు. చుట్టూ అరల నిండా ఉన్న చీరల వంక చూశాడు. నోరు మూసుకున్నాడు. అంత మాటకారికీ మాట రాకపోవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. పిన్ని ఏడవలేదు, అరవలేదు. "పెరుగన్నం తినండి, పులిసిద్ది" అని చెప్పి, ఖాళీ గిన్నెలు సర్దుకుని వెళ్ళిపోయింది.  ఎవరి మీద జాలిపడాలో నాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున జరిగింది పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పిన్ని పెట్టెతో బస్టాండుకి బయల్దేరితే బాబాయి ఆ పెట్టె తనే పట్టుకుని వెనకాల నడిచాడు. తోడుగా నేనూ వెళ్ళాను. మాచర్ల బస్సు ఇంకా ఆగలేదు, జనం ఎగబడ్డారు. మన బస్సుల సంగతి తెలిసిందే కదా, కిటికీలోంచి తువ్వాలు పడేస్తే సీటు మనదైనట్టు. బాబాయి కదులుతున్న బస్సు పక్కన పరుగెత్తాడు. ఆ బొజ్జ వేసుకుని, పంచె ఎగ్గట్టి, భుజం మీది జరీ కండువా తీసి కిటికీలోంచి లోపలికి విసిరాడు. "నాదీ, అది నాదీ సీటు!" అని కేకలు. తనని వదిలి పోతున్న పెళ్ళానికి కిటికీ పక్క సీటు పట్టిన మగాడు పల్నాడు మొత్తం మీద ఆయనొక్కడే అయ్యుంటాడు. పిన్ని ఎక్కి కూర్చుంది. కండువా మడిచి కిటికీలోంచి ఆయనకిచ్చింది. "వేళకి తినండి" అంది. ఆయన తలూపాడు. బస్సు కదిలాక కూడా ఆ ఎండలో చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

మా వైపు ఇలాంటి కబురు ఇంటికి చేరేలోపే ఊరు తిరిగొస్తుంది. సాయంత్రానికి ఇల్లంతా పెద్దమనుషులే. అందరికంటే ముందు మాట్లాడింది బాబాయి పెదనాన్న కొడుకు రామకోటయ్య.

"పెళ్ళాం లేచిపోతంటే సీటు పట్టినోణ్ణి నిన్నొక్కణ్ణే చూశాన్రా. ఛీ! పౌరుషం లేదా నీకు?"

"ఆమె మోకాళ్ళ నొప్పుల మనిషిరా. రెంటచింతల ఎండలో అంత దూరం బస్సులో నిలబడి పొమ్మంటావా?"

"నవ్వులాట కాదు. ఒక్క మాట చెప్పు. రేప్పొద్దున కారేసుకుని పోయి, నాలుగు చివాట్లేసి తీసుకొచ్చేస్తాం. ఆడదానికంత పొగరైతే ఎట్టా?"

బాబాయి మొహంలో నవ్వు పోయింది. "కనకాన్ని గురించి నా ఇంట్లో కూర్చుని ఇంకొక్క మాటన్నావంటే మర్యాద దక్కదు. నా మీద కోపమొచ్చి పోయింది. అందులో న్యాయముంది. పౌరుషం అంటావా, అది పందెంకోళ్ళకి వదిలెయ్యి" అన్నాడు.  ఒక్కొక్కరే లేచారు. ఒక్కొక్కరే తలవంచుకుని, ఏమీ చెప్పకుండా గడప దాటుతున్నారు. చావు జరిగిన ఇంటినుంచి వెళ్ళేటప్పుడు 'వెళ్ళొస్తాం' అనకూడదు కదా, అలాగన్నమాట. అది బాబాయి కనిపెట్టాడు. ఒక్క ఉదుటున లేచి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఒరేయ్, ఆగండి. ఇక్కడెవరు సచ్చారని మాట్టాడకుండా పోతన్నారు? కనకం మాచర్లలో శుభ్రంగా ఉంది. నేనీడ గుండ్రాయిలాగుండా. వెళ్ళొస్తామని చెప్పి మరీ పొండి!"

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు ఎవరో కిసుక్కుమన్నారు. రామకోటయ్యకి కూడా నవ్వాగలేదు. చివరికి పేరుపేరునా అందరిచేతా 'వెళ్ళొస్తాం' అనిపించిగానీ వదల్లేదు. ఆ మాటన్నందుకు వాళ్ళు నిజంగానే మళ్ళీ మళ్ళీ వచ్చారు, ఈసారి పరామర్శకి కాదు, పేకాటకి.

ఆ తర్వాత మొదలైంది అసలు భాగవతం, బాబాయి వంట. సందులో ఏ ఇంట్లో ఏ కూర బాగుంటుందో ఆ ఇంటికి పోయి, వంటింటి గడప దగ్గర పీట వేసుకుని కూర్చుని నేర్చుకునేవాడు. అంత పెద్ద షావుకారు అలా కూర్చుంటే ఆడవాళ్ళు సిగ్గుతో చచ్చిపోయేవాళ్ళు. ఆయనకి ఏ సిగ్గూ లేదు. కానీ పోపు దగ్గర మాత్రం ప్రతిసారీ గండమే. నూనె కాగుతుండగా ఎవరితోనో కబుర్లలో పడేవాడు. మిరపకాయలు బొగ్గయ్యేవి. సందంతా తుమ్ములు! "శేషయ్య వంట మొదలెట్టాడు, తలుపులేసుకోండర్రా" అని ఆ చివరినుంచి ఈ చివరికి కేకలు. మాడిన పప్పే కేరేజీలో పెట్టుకుని కొట్టుకి తెచ్చి మా అందరికీ వడ్డించేవాడు.

"ఎట్టుంది?"

"ఉప్పెక్కువైంది బాబాయ్."

"అయితే నీళ్ళెక్కువ తాగండి."

ఆయనకి బాధే లేదనుకోకండి. ఒకరోజు కొట్టుకి ఒక ముసలి జంట వచ్చింది. ఆ పెద్దాయన భార్యని, "నీకే రంగిష్టమే?" అని అడిగాడు. అంతే, బాబాయి చప్పున లేచి వెనక గదిలోకి పోయాడు. ఎంతకీ రాకపోతే వెళ్ళి చూశాను. చీరల మూటలమధ్య కూర్చుని, కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు. నాకూ ఏడుపొచ్చింది. నన్ను చూసి దాచుకోలేదు. "ఏడుపొస్తే ఏడవాలమ్మాయ్, ఆకలేస్తే తినాల. రెండూ ఆపుకుంటే రోగమొచ్చిద్ది" అన్నాడు. కాసేపయ్యాక మొహం కడుక్కుని వచ్చి ఆ ముసలావిడకి దగ్గరుండి చిలకాకుపచ్చ చీర ఎంచిపెట్టాడు. ఆ రోజునుంచే పొద్దుగూకగానే కొట్టు మూసెయ్యడం మొదలుపెట్టాడు. సాయంత్రాలు ఎలా ఉంటాయో ఆ వయసులో మొదటిసారి చూశానని చెప్పేవాడు.

ఏడాది తిరిగాక కూతురూ అల్లుడూ వస్తే అందరం ఎత్తిపోతల చూడ్డానికి వెళ్ళాం. మాచర్లలో ఆగి పిన్నినీ ఎక్కించుకున్నాం. ఆవిడ ఒళ్ళు చేసింది, మొహం తేటపడింది, గలగలా మాట్లాడుతోంది. ఇన్ని మాటలు ఈవిడ ఎక్కడ దాచుకుందా అనిపించింది. అక్కతో కలిసి పచ్చళ్ళు పెట్టి అమ్ముతోందట. జలపాతం దగ్గర చాప పరిచి కూర్చున్నాక బాబాయి తను చేసిన పులిహోర తీశాడు. పిన్ని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మేమంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నాం.

"తినొచ్చు" అంది.

ఆ ఒక్క మాటకి ఆయన వారం రోజులు ఊరంతా డప్పు కొట్టుకున్నాడు. అక్కడే, అందరి ముందే, మొహమాటం లేకుండా అడిగాడు: "ఇంతకీ నీకే రంగిష్టమే కనకం?"

పిన్ని పకపకా నవ్వింది. "పసుపు. మీరు నాకు నప్పదని ఎప్పుడూ కట్టనీలా."

బాబాయి నెత్తి కొట్టుకున్నాడు. ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నారు. సాయంత్రం ఆవిడ మాచర్లలో దిగిపోయింది. వచ్చేదారిలో నేను ఉండబట్టలేక అడిగాను.

"రమ్మని అడగొచ్చుగా బాబాయ్?"

"అడిగా. రానంది. అక్కడ బాగుందంట." గొంతు తగ్గించి అన్నాడు. "నాక్కూడా బాగానే ఉందే. అదే కొంచెం సిగ్గుగా ఉంది."

ఆ తర్వాత చాలా ఏళ్ళకి మా ఇంట్లో అదే పిడుగు పడింది. మా ఆయన ఇల్లొదిలి వెళ్ళిన నాలుగోనాడో ఐదోనాడో, పొయ్యి వెలిగించకుండా గోడకి ఆనుకుని కూర్చున్నాను. వచ్చినవాళ్ళందరూ ఆయన్ని తిట్టారు. నేనూ తిట్టాను, తిట్టినకొద్దీ నీరసం వచ్చింది. ఇరవయ్యేళ్ళు ఒక అబద్ధంతో కాపురం చేశానా అన్న ఆలోచన నన్ను తినేస్తోంది. చేతికర్ర ఊతంగా బాబాయి వచ్చాడు. అప్పటికే బాగా పెద్దవాడైపోయాడు. ఓదార్పు మాటలేమీ లేవు. "ఏం తిన్నావే?" అన్నాడు. మాట్లాడకపోతే తిన్నగా వంటింట్లోకి పోయి చారు పెట్టాడు. నేను తింటుంటే ఎదురుగా కూర్చున్నాడు.

"పోయినందుకు ఏడువు, తప్పులేదు. ఇరవయ్యేళ్ళూ దండగని మాత్రం అనుకోబాక. అవి ఆయనొక్కడియ్యి కాదు, నీయి గూడా. ఆయన పోతా పోతా నీ వాటా ఎట్టా పట్టుకుపోతాడే? నువ్విస్తేనేగా పోయేది!"

ఆ చారన్నం కంచం ఊడ్చుకుని తిన్నాను. అప్పుడే నాకు ఊపిరి తిరిగింది.

పోయిన వేసవిలో బాబాయి కాలం చేశాడు. పిన్ని వచ్చి కార్యక్రమాలన్నీ అయ్యేదాకా ఉండి, దగ్గరుండి అందరికీ వడ్డించింది.

మొన్న ఇంటికి సున్నాలు వేయించాం. గోడల మీది పటాలన్నీ దించి తుడుస్తుంటే మా అమ్మాయి చేతిలోకి మా పెళ్ళిఫోటో వచ్చింది. ఆయనా నేనూ, మెడల్లో దండలు, నుదుట బాసికాలు. అది దాన్ని పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడింది. "ఇది ఇంక లోపల పెట్టేద్దామా అమ్మా?" అని మెల్లిగా అడిగింది. నేను ఫోటో తీసుకుని కొంగుతో అద్దం తుడిచాను. నాకప్పుడు ఇరవై నిండలేదు. పెద్ద జడ, బుగ్గన చుక్క, నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటున్నాను.

"మేకు ఎక్కడుందో చూడు" అన్నాను. "ఇందులో నేనెంత బావున్నానో చూశావా? నేనెందుకు లోపలికి పోతానే!"