లెవల్ పైపులో భూగోళం

అమీర్‌పేటలో మెట్రో పిల్లర్లు లేచాయి గానీ పైన రైలింకా రాని ఆ రోజుల్లో, నాకు తెలియని విషయమంటూ ప్రపంచంలో ఒక్కటీ లేదని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఫిజిక్సులో డిగ్రీ ఫస్టు క్లాసులో పాసై, భీమవరంలో బస్సెక్కి ఇక్కడ దిగి, ఆరుగురున్న హాస్టల్ గదిలో ఒక మంచం సంపాదించి, పొద్దున్నపూట కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటూ ఉండేవాణ్ణి. (నేర్చుకుంటూ అనడం మర్యాదకి. కోర్సు దాని దారిన అది నడిచేది, నేను నా దారిన నడిచేవాణ్ణి.) సాయంత్రాలు ఊరికే పోతున్నాయని పంజగుట్ట వెనక సందులో ఒకరింట్లో ఐదో తరగతి పాపకి ట్యూషన్ చెప్పడానికి కుదిరాను. నా జీవితంలో మొట్టమొదటి ఉద్యోగం అది. భూమి గుండ్రంగా ఉండటం వల్ల ఊడింది.

పాప వాళ్ళ నాన్నకి ఫ్యాన్లూ మోటార్లూ బాగుచేసే దుకాణం ఉండేది. మొదటి రోజే ఆయన పాప పరీక్ష పేపరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. 'భూమి ఆకారం ఏమిటి?' అన్న ప్రశ్న కింద పాప ముత్యాల్లాంటి అక్షరాలతో 'చదునుగా ఉంటుంది. మా తాత చెప్పిండు' అని రాసింది. పక్కన టీచరు ఎర్ర సిరాతో సున్నా చుట్టింది. (సున్నా మాత్రం చక్కగా గుండ్రంగా ఉంది.) "సార్, లెక్కలు, ఇంగ్లీషు తర్వాత. ముందుగాల గీ భూమి పంచాయితీ తెంపుండ్రి. వచ్చే పరీక్షల సుత గిట్లనే రాస్తే నన్ను బడికి పిలుస్తరట. మా నాయన నేను చెప్తే ఇనడు. మీరంటే సదువుకున్నోళ్ళు" అన్నాడాయన. నేను దయగా నవ్వి, "ఎంతండీ, పది నిమిషాల పని" అన్నాను. ఆ పది నిమిషాలు నెలన్నర సాగాయి.

తాత బోరబండలో ఉండగా నలభై ఏళ్ళు తాపీ మేస్త్రిగా చేసి, మోకాళ్ళు ఇంకా బాగుండగానే కొడుకు బలవంతం మీద పని మానేసిన మనిషి. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మా చదువంతా వింటూ, నేను భూగోళం అనగానే గొంతు సవరించుకునేవాడు. నేను ఓడతో మొదలుపెట్టాను. దూరంగా పోయే ఓడ అడుగుభాగం ముందు మాయమై, పైన జెండా చివరికి మాయమవుతుందని చేతులు తిప్పుతూ చెప్పాను. "నువ్వు చూసినవా సార్?" అన్నాడు తాత. మా ఊరికి సముద్రం దూరమేమీ కాదు. కానీ నేను వెళ్ళినప్పుడల్లా ఒడ్డునున్న బజ్జీల బండి తప్ప వేరే దిక్కు చూసిన పాపాన పోలేదు. "లేదండీ" అన్నాను. ఆకాశం నుంచి తీసిన ఫోటోలు ఫోన్లో చూపించాను. "మా పక్క స్టూడియోల గీ పిల్లను తాజ్‌మహల్ ముంగట నిలవెట్టిండ్రు సార్. ఇది ఆగ్రాకు ఎన్నడు పోయింది?" అన్నాడు. గ్రహణంలో చంద్రుడి మీద పడే భూమి నీడ గుండ్రంగా ఉంటుందన్నాను. "పళ్ళెం నీడ సుత గుండ్రంగనే పడ్తది గద!" అన్నాడు. పాప ఆయన మాట్లాడితే ఆయన వైపు, నేను మాట్లాడితే నా వైపు తల తిప్పుతూ, హోంవర్కు ఊసెత్తకుండా హాయిగా కూర్చునేది.

ఇక ఆయన వాదన ఒక్కటే. లెవల్ పైపు. గోడలు సమంగా ఉన్నాయో లేదో చూడటానికి మేస్త్రులు ఒక సన్నటి గొట్టంలో నీళ్ళు నింపి ఆ చివరొకరు, ఈ చివరొకరు పట్టుకుంటారు. రెండు వైపులా నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి. "నలభై ఏండ్లు పట్టిన సార్ గా పైపు. ఎర్రగడ్డల పట్టిన, యూసుఫ్‌గూడల పట్టిన. ఒక్కనాడు సుత నీళ్ళు వంగలే. భూమి వంగితే నీళ్ళు ఎందుకు వంగవు?" దీనికి నా దగ్గర జవాబు ఉండాలి. ఫస్టు క్లాసు కదా. రాత్రంతా దొర్లినా గురుత్వాకర్షణ అన్న మాట తప్ప ఇంకేమీ తట్టలేదు. మర్నాడు ఆ మాటే అన్నాను. "గదేంది?" అన్నాడు. చెప్పబోయి, నాకు తెలిసింది దాని స్పెల్లింగూ సూత్రమూ మాత్రమేనని కనిపెట్టి, ఆ కోపం ఆయన మీద తీర్చుకున్నాను. "ఇది మేస్త్రి పని కాదు తాతగారూ, సైన్సు!" అనేశాను. పాప తల దించుకుంది. తాత తన అరచేతులు చూసుకుని, "అయితే చూపెట్టు సార్" అన్నాడు.

పరీక్షకి ఇంకో నాలుగు రోజులుంది. మర్నాటి సాయంత్రం తాతనీ పాపనీ అమీర్‌పేటలో మా కోర్సు నడిచే ఆరంతస్తుల భవనానికి తీసుకెళ్ళాను. కింద నుంచి సూర్యాస్తమయం చూసి, గబగబా డాబా మీదికెక్కితే మునిగిన సూర్యుడు మళ్ళీ కనిపించాలి, భూమి గుండ్రం కాబట్టి. అదీ నా పథకం. ఫుట్‌పాత్ మీద జెరాక్సు షాపు ముందు నిలబడ్డాం. సూర్యుడు ఎదుటి భవనం వెనక్కి జారాడు. "మునిగాడు! పదండి!" అని అరిచాను. "భూమి చాటుకు పోలే సార్, చీరల దుకాణం చాటుకు పోయిండు" అన్నాడు తాత. అయినా కదిలాడు. లిఫ్టు పనిచెయ్యడం లేదు. మూడో అంతస్తులో తాత నన్ను దాటాడు. ఐదో అంతస్తులో పాప కిందికి దిగొచ్చి నా పుస్తకాల సంచీ అందుకుంది. నేను డాబా మీదికి పాకేసరికి సూర్యుడు నిజంగానే అస్తమించి, ఆకాశంలో ఎరుపు మాత్రం మిగిలింది. (ఆరంతస్తులెక్కితే కలిసొచ్చేది అర నిమిషం కూడా ఉండదట. ఆ లెక్క వేసుకోవాలని నాకు తర్వాతెప్పుడో తోచింది.)

తాత ఎగతాళి చేస్తాడని కాచుకున్నాను. ఆయన నన్ను చూడటమే లేదు. చెప్పులు విడిచి డాబా మీద అటూ ఇటూ నడిచి, "స్లాబు పోసినోడెవడో గాని పనిమంతుడు. వాలు మంచిగిచ్చిండు" అన్నాడు. "వాలేంటండీ? చదునుగానే ఉందిగా?" అన్నాను రొప్పుతూ. "చదునుగుంటే వాననీళ్ళు ఏడికి పోతయ్ సార్? డాబా అన్నంక వాలుండాలె. కంటికి కనవడదు. నీళ్ళకే ఎర్క." పాప తెచ్చుకున్న నీళ్ళ సీసా తీసుకుని డాబా నడిమధ్యన కాసిన్ని నీళ్ళు పోశాడు. నీళ్ళు ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగి, మెల్లగా మూలనున్న వాననీళ్ళ గొట్టం వైపు బయల్దేరాయి.

పాప వాటి వెంటే వంగి నడిచి, గొట్టం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "తాతా, కంటికి కనవడని వాలు భూమికి సుత ఉందేమో?"

"నీళ్ళ పైపు పడితే..." అని మొదలుపెట్టాడు తాత.

"నీ పైపు ఎంత పొడుగు?"

"గీ డాబా అంత ఉంటది."

"మరి భూమి?"

తాత చుట్టూ చూశాడు. ఎర్రగడ్డ వైపు చూశాడు, యూసుఫ్‌గూడ వైపు చూశాడు. చాలాసేపటికి నవ్వాడు. "శానా పెద్దది బిడ్డా. ఉంటే ఉంటది."

"నేను నెలన్నర్నించీ చెబుతున్నది అదే కదండీ!" అన్నాను నేను. ఇద్దరూ, మాటల మధ్యలో ఎవరో తలుపు కొట్టినట్టు నా వైపు చూశారు.

పరీక్షలో పాప 'భూమి గుండ్రంగా ఉంటుంది. వాలు కంటికి కనవడదు' అని రాసింది. పూర్తి మార్కులు వేశారు. వాళ్ళ నాన్న నా రెండు చేతులూ పట్టుకుని, "మీ దయ సార్" అని, చాయ్ తాగించి, "ఇగ తాతనే కూసోవెట్టి చెప్తుండు. పాప సుత గాయన్నే అడుగుతుంది. మీకెందుకు తక్లీఫ్!" అన్నాడు. ఉద్యోగం పోయిందని నాకు అర్థం కావడానికి ఇంకో కప్పు చాయ్ పట్టింది. పోతూ పోతూ తాత దగ్గరికెళ్ళి, "ఆ రోజు మేస్త్రి పని కాదు అన్నాను. తప్పు, ఏమీ అనుకోకండి" అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యేసి, "ఫికర్ చెయ్యకు సార్. నువ్వు చెప్పింది నిజమే. కానీ అది నీకు తెల్వది. నేను చెప్పింది తప్పే. కానీ నేను చూసి చెప్పిన" అన్నాడు.

ఆ మాటకి సరైన సమాధానం వెతుక్కుంటూ పంజగుట్ట నుంచి హాస్టల్ దాకా నడిచాను. టక్ చేసిన చొక్కా, చంకలో పుస్తకాల సంచీ, గాల్లో ఆడుతున్న చూపుడువేలు. ఎదురొచ్చేవాళ్ళు పక్కకి తప్పుకుని దారిచ్చారు. ఇన్నేళ్ళ తర్వాత ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆపి, భుజం తట్టి, కాస్త చెవి ఒగ్గి వినడం నేర్చుకోరా అబ్బాయ్ అని చెప్పాలనిపిస్తుంది. కానీ వాణ్ణి నేనెరుగుదును. పూర్తిగా వినకుండానే, "మీకు తెలీదండీ" అని నాకే పాఠం మొదలుపెడతాడు.