పంటి బిగువు

2023 ఫిబ్రవరి. వెస్ట్ మారేడ్‌పల్లిలో ఒక మందుల షాపు పైన మా క్లినిక్. నేను పళ్ల డాక్టర్ని. పుట్టింది తెనాలిలో, పెళ్లితో సికింద్రాబాద్ వచ్చి ఇక్కడిదాన్నే అయిపోయాను. ఇన్నేళ్ల ప్రాక్టీసులో నాకు తెలిసిందొకటే. మనుషులు అబద్ధాలాడతారు గానీ పళ్లు ఆడవు. రెండు పూటలా తోముతున్నామని ఒట్టు పెట్టుకునేవాళ్ల మీద వాళ్ల పళ్లే నాకు చాడీలు చెబుతుంటాయి.

ఆ రోజు పొద్దున మంజుల గారు వచ్చారు. వయసు నలభై ఐదు దాటి ఉంటుంది. ఇల్లు కాప్రాలో, రెజిమెంటల్ బజార్‌లో రంగులు, హార్డ్‌వేర్ సామాను అమ్మే దుకాణం. ఎడమవైపు పై దవడలో ఒక పన్ను, గట్టిదేదైనా కొరికితే జివ్వుమంటోందని చెప్పారు.

"ఎప్పటినుంచి అండీ?"

"పోయిన ఎండాకాలం సంది మేడం. అసల్ ఎండలు షురూ అయితే చాలు, నాకు దవడలు గుంజుతయి. వానలు పడంగనే తక్కువైతది."

చన్నీళ్లకు వచ్చే నొప్పి తెలుసు, స్వీట్లకు వచ్చే నొప్పి తెలుసు. ఎండలతో వచ్చి వానలతో పోయే నొప్పి గురించి మాత్రం అప్పుడే విన్నాను. నోరు తెరిపించి చూస్తే ఆ పన్ను పుచ్చలేదు, పగిలింది. నమిలే పళ్లమీద ఉండాల్సిన ఎత్తుపల్లాలు అరిగి చదునైపోయాయి. నాలుక అంచుల వెంట పళ్ల అచ్చులు పడి ఉన్నాయి. చెంప కండరాన్ని వేలితో నొక్కితే ఆమె కళ్లు గట్టిగా మూసుకున్నారు.

దీన్ని మేము బ్రక్సిజం అంటాం. తనకు తెలియకుండా, ఎక్కువగా నిద్రలో, పళ్లు బిగించడం, నూరడం. కారణాలు చాలా ఉంటాయి గానీ, మనసులో పెట్టుకున్న దిగులు అందులో ముందు వరసలోనే ఉంటుంది. పగలు నోరు దాచిపెట్టినదాన్ని రాత్రి పళ్లు నములుతుంటాయి. తెలుగులో 'పంటి బిగువున ఓర్చుకోవడం' అనే మాట ఉందే, దాన్ని పుట్టించినవాడెవరో తప్పకుండా మా వృత్తిలో ఉండాల్సినవాడు.

"రాత్రిళ్లు పళ్లు కొరుకుతున్నారని ఇంట్లో ఎవరైనా చెప్పారా?"

"చెప్పనీకి ఇంట్ల ఎవరుంటరు మేడం? పాప బెంగళూరుల చదువుతుంది. మా ఆయన గా నెలలల్ల కొండ మీద ఉంటడు."

మనకు కొండ అంటే ఒకటే కదా. "తిరుపతిలో అన్ని రోజులా? సేవకు వెళ్తారా?" అని అడిగాను.

ఆమె మొదటిసారి నవ్వారు. "గా కొండ గాదు మేడం. మంచు కొండలు. నేపాల్ దిక్కు."

ఆయన పేరు శ్రీశైలం. పేరులోనే కొండ పెట్టుకుని పుట్టారు, అది చాలలేదు. కుర్రతనంలో స్నేహితులతో సరదాగా ఒకసారి ట్రెక్కింగ్‌కు వెళ్లి వచ్చారట. ఇక అప్పటినుంచి ఒళ్లు ఇక్కడ, మనసు అక్కడ. మేకుల డబ్బాలు బ్యాగులో నింపి వీపుకు తగిలించుకుని మౌలాలి గుట్ట మెట్లు ఎక్కి దిగుతారట, బరువు అలవాటు కావాలని. దుకాణానికి వచ్చినవాళ్లు తెల్ల పెయింట్ అడిగితే మంచు గురించి మొదలుపెడతారట. ఎండాకాలం రాగానే ఆయన ప్రయాణం. దుకాణం, ఇల్లు, ఫోను కోసం ఎదురుచూపు ఈమెకు.

పగిలిన పన్నుకు క్రౌన్ వేయాలి, అంటే పన్నును చుట్టూ అరగదీసి పైన టోపీలా తొడుగు బిగించాలి. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, ఎవరికైనా చెప్పే మాటే ఆమెకూ చెప్పాను. "నొప్పి వస్తే ఎడమ చెయ్యి ఎత్తండి." ఎడమే ఎందుకంటే మేము కుడిపక్కన కూర్చుంటాం. కుడి చెయ్యి ఎత్తితే మా మోచేతికి తగులుతుంది, చేతిలో తిరుగుతున్న డ్రిల్లు ఉంటుంది. నోట్లో మా వేళ్లు, ఉమ్మి లాగే పంపు, దూది ఉన్న మనిషికి మాట్లాడటానికి మిగిలేది ఆ ఒక్క చెయ్యే.

ఆమె చెయ్యి ఎత్తలేదు. పని అంతా అయ్యేదాకా ఒళ్లో రెండు చేతులూ ముడుచుకుని అలాగే ఉన్నారు. మాలో మేము ఇలాంటివాళ్లను 'మంచి పేషెంట్' అంటాం. మాస్కు తీస్తూ చూస్తే, ఆమె కంటి కొసనుంచి చెవి దాకా తడి చార ఉంది.

"నొప్పి వచ్చిందా?"

"నడిమిట్ల జెర వచ్చింది."

"మరి చెయ్యి ఎత్తమన్నాను కదండీ."

"ఎత్తితే ఆపుతరా మేడం?"

వెటకారంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగారు. "ఆపుతాను. అందుకేగా చెప్పింది" అన్నాను. "గట్లనా" అని ఆమె తల ఊపారు. నాకు చాలా బాధనిపించింది.

తాత్కాలిక తొడుగు పెట్టి, రాత్రి పెట్టుకునే నైట్ గార్డ్ కోసం పళ్ల అచ్చు తీశాను. నైట్ గార్డ్ అంటే పై పళ్లకు తొడిగే పారదర్శకమైన పలక. పళ్లు నూరడాన్ని అది మాన్పించదు. నూరితే అరిగేది పన్ను కాకుండా తాను అయ్యేట్టు చూస్తుంది. అచ్చు గట్టిపడేదాకా మాట్లాడటానికి లేదు. అది తీశాక, పుక్కిలించి, తనంతట తానే చెప్పారు.

"పోయిన ఏడు మా ఆయన తాడుకు కట్టుకొని ఎక్కిన జోడీదారు రాలే మేడం. పైన్నే పోయిండు. ఖబర్ పక్కాగ తెలవక ముందు ఆయన భార్య నాకే ఫోన్ చేసింది. అక్కా, మీ ఆయన ఏమన్న చెప్పిండా అని. మా ఆయన నాకు అప్పటికే చెప్పిండు. నేను తెలవదన్న. నా నోటితోని ఎట్ల చెప్పాలె?"

"మళ్లీ వెళ్తారా ఆయన?"

"గా కొండకే. ఉగాది అయినంక. పోయే ముంగట పళ్లు చూపించుకోమని కొండకు తీస్కపోయేటోళ్లు చెప్పిన్రట, మీ దగ్గరికే తీస్కస్త."

ఆపాల్సిన మనిషిని తనే తెచ్చి సిద్ధం చేయించడమేమిటని నాకు అనిపించింది. అది నా ముఖంలో కనబడ్డట్టుంది.

"పోవుడైతే ఆగదు మేడం. పన్ను నొప్పి లేకుండనన్న పోనీ" అన్నారు.

నాలుగు రోజులకు ఇద్దరూ వచ్చారు. శ్రీశైలం గారు సన్నగా, ఎండకు కమిలిన ముక్కుతో, చాలా మర్యాదగా ఉన్నారు. నేను ఆయన మీద కోపం తెచ్చుకుందామని సిద్ధంగా ఉన్నాను గానీ, ఆయన ఆ అవకాశం ఇవ్వలేదు. పాత ఫిల్లింగ్ ఒకటి వదులైంది. నేల మీద దానితో తక్లీఫ్ ఉండకపోవచ్చు. ఎత్తుకు పోయేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది, ఫిల్లింగ్ కింద చిక్కుకున్న కాస్త గాలి ఉబ్బుతుంది, నరం విలవిల్లాడుతుంది. బారోడాంటాల్జియా అని దాని పేరు. అది తీసి కొత్తది వేయాలన్నాను.

"నొప్పి వస్తే ఎడమ చెయ్యి ఎత్తండి" అన్నానో లేదో, చెయ్యి లేచింది.

"ఇంకా సూది తీయలేదండీ."

"అంటే మేడం, ముందుగాలనే చెప్తున్న."

కళ్లు తిరిగే ఎత్తులో మంచు గోడలకు వేలాడే మనిషి, వెంట్రుకంత సూదికి కుర్చీ చేతులు పట్టుకుని బిగుసుకుపోయారు. దూది పెడితే చెయ్యి, నీళ్లు కొడితే చెయ్యి, ఒకసారైతే నేను స్టూలు దగ్గరకు జరుపుకుంటే చెయ్యి. ఎత్తిన ప్రతిసారీ ఆపాను, ఊపిరి తీసుకోనిచ్చాను, మళ్లీ మొదలుపెట్టాను. మంజుల గారు గోడ పక్క కుర్చీలో కూర్చుని నవ్వు ఆపుకుంటూ చూశారు. కాసేపటికి ఆ నవ్వు పోయింది. చూడటం మాత్రం మానలేదు. ఆమె చూస్తున్నది ఆయన్నని అనుకున్నాను. ఆ చేతినని తర్వాత తెలిసింది.

క్రౌన్ తయారై వచ్చాక ఆమెకు బిగించే రోజు మళ్లీ ఇద్దరూ వచ్చారు. ఆమె కుర్చీలో పడుకున్నారు. నేను ట్రేలో సరంజామా సర్దుకుంటున్నాను. ఆయన పక్కన నిలబడి ఫోనులో నాకు ఆ కొండ ఫోటో చూపిస్తున్నారు. వేలితో తెర మీద దారి గీస్తూ, పోయినసారి ఈ మూల దగ్గర ఆగిపోయామని, ఈసారి ఇటునుంచి పోతే తేలికని, ఆ మూల పేరెత్తినప్పుడు మాత్రం గొంతు కొద్దిగా తగ్గించి చెబుతున్నారు.

మంజుల గారి ఎడమ చెయ్యి లేచింది.

"నేనింకా ఏమీ పెట్టలేదండీ" అన్నాను.

"మీకు గాదు మేడం."

ఆయన ఫోను దించారు. "ఏందీ మంజుల, నొప్పి లేస్తుందా?"

"లేస్తుంది. నువ్వు చెయ్యెత్తినప్పుడల్లా డాక్టరమ్మ ఆపింది. సూది తియ్యక ముందే ఎత్తినవ్, అయినా ఆపింది. నేను గిప్పుడు ఎత్తిన."

ఆయన నా వైపు చూశారు. నేను ట్రే వైపు చూశాను.

"టికెట్లు సుత అయినయ్ గదా" అన్నారాయన మెల్లగా. ఆమె చెయ్యి దించలేదు.

"చెయ్యి దించు మంజుల. మేడం చూస్తుంది."

"ఆపినంక దించుత."

అంతకంటే పెద్ద మాటలేవీ అనలేదు ఆమె. ఏడవలేదు, చనిపోయినతని పేరు తీయలేదు, ఆ ఫోన్ కాల్ సంగతి ఎత్తలేదు. మోచెయ్యి కుర్చీ అంచున ఆనించి, అరచెయ్యి పైకి పెట్టి అలా ఉన్నారు, అంతే. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆ చేతినే చూస్తూ ఉంటే ఆయన కళ్లు తడిశాయి.

"సరే. ఈ ఏడు పోను" అన్నారు.

"ఈ ఏడని కాదు" అన్నారామె. "నేను ఎత్తినప్పుడు."

ఆయన తల ఊపారు. ఆమె చెయ్యి దించి, నావైపు తిరిగి, నోరు తెరిచారు. నేను క్రౌన్ పెట్టి, పళ్ల మధ్య నీలం కాగితం ఉంచి, కొరకమన్నాను. కొత్త పన్ను మిగతావాటికంటే ఎత్తుగా ఉంటే దానిమీద నీలం గుర్తు ముదురుగా పడుతుంది. అన్నిటిమీదా సమంగానే పడింది.

ఆ ఎండాకాలం శ్రీశైలం గారు వెళ్లలేదు. సంతోషంగా ఉన్నారని చెప్పను. రెజిమెంటల్ బజార్‌కు కొళాయి సామాను కోసం వెళ్లినప్పుడు, పంజరంలో పడ్డట్టు కౌంటర్ వెనక అటూ ఇటూ తిరుగుతున్నారు. మంజుల గారే నాకు సామాను చూపించారు. మరుసటి ఏడాది ఆయన మళ్లీ పళ్లు చూపించుకోవడానికి వచ్చారు. నేను కాస్త కంగారుగానే అడిగాను.

"ఆవిడ చెయ్యెత్తలేదా?"

"లేదు మేడం. ఈసారి నోటితోనే చెప్పింది. గా కొండ వద్దు, వేరేది చూస్కో అన్నది. చిన్న కొండనే చూస్కున్న." కుర్చీలో వెనక్కి వాలుతూ, "అడుగుతె చెప్తది మేడం. నేనే ఎన్నడు అడగలే" అన్నారు.

వానలు పడ్డాక మంజుల గారు నైట్ గార్డ్ పట్టుకుని వచ్చారు. వెలుతురుకు పెట్టి చూశాను. గీతలు ఉన్నాయి, లేవని అబద్ధం చెప్పలేను. ఆయన కొండ మీద ఉన్నన్నాళ్లూ ఆమె నూరారు. కానీ ముందటేడు ఇచ్చి, అరిగిపోతే మార్చిన మొదటి గార్డ్ మీద పడ్డట్టు లోతుగా లేవు. "ఆయన వచ్చినంక కొరకలేదనుకుంట. రాత్రి మంచిగ నిద్ర వడుతుంది" అన్నారు. ఎండాకాలపు పంటి నొప్పిని పూర్తిగా నయం చేయగలిగానని చెప్పుకోను. అది నా చేతిలో లేదు, కొంత ఆమె చేతిలో ఉంది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నిజమే, కానీ అడిగితే పెడతారని తెలిసినవాళ్లే అడుగుతారు. ఎత్తినా ఎవరూ ఆగని ఇంటినుంచి వచ్చినవాళ్లు, నా కుర్చీలో మాత్రం ఎందుకు ఎత్తుతారు? కదలకుండా పడుకున్నవాళ్లను ఇప్పుడు నేను 'మంచి పేషెంట్' అనను. వాళ్లు చెయ్యి ఎత్తకపోయినా మధ్యలో నేనే ఆగి అడుగుతాను. ఇక మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక చెప్పే మాటకు మంజుల గారు వచ్చి వెళ్లినప్పటినుంచి చివర ఒక మాట చేర్చుకున్నాను.

"నొప్పి వస్తే ఎడమ చెయ్యి ఎత్తండి. ఆపుతాను."