స్వాధీనమైన బొమ్మల పత్రిక

మా వైపు దినపత్రికల్లో 'స్వాధీనం చేసుకున్నారు' అనే మాట గంజాయి మూటల పక్కనో నాటుసారా క్యాన్ల పక్కనో కనిపిస్తుంది. అందుకే, మేము నెలనెలా చదివే బొమ్మల కథల పత్రికను నగరంలోని ఒక పెద్ద కంపెనీ స్వాధీనం చేసుకుందని జిల్లా పేజీ మూలన వార్త పడిన రోజు, నరసరావుపేట పాఠకుల సంఘం కార్యదర్శి తన దగ్గరున్న పాత సంచికలన్నీ గోతాల్లో కుక్కి, సొంత లారీలో వేసుకుని మా ఇంటి ముందు దిగాడు.

"బాబాయ్, కొన్నాళ్ళు ఇయి మీ ఇంట్లో ఉండనీ. సోదాలు జరిగినా మీ గుమ్మం ఎక్కే మగాడు లేడుగా."

ఆ మాట నాకు నచ్చింది. మా తాత రోజుల్లో సర్కారు మనుషులు కూడా ఈ వాకిట్లో చెప్పులు విడిచి, కబురు లోపలికి పంపి నిలబడేవారు. ఇప్పుడు ఎవరూ రాకపోవడానికి కారణం వేరు. అది అతనికి చెప్పనవసరం లేదు.

"ఇది పోలీసుల స్వాధీనం కాదురా. పత్రికను కొనుక్కున్నారు, అంతే," అన్నాను.

"కొంటే కొన్నారని రాస్తారు గానీ స్వాధీనం అని ఎందుకు రాస్తారు బాబాయ్? నువ్వు మరీ అమాయకుడివి."

గోతాలు వరండాలో దించేసి వెళ్ళాడు. నన్ను అసలు కలవరపెట్టింది ఆ వార్తలోని చివరి వాక్యం. ఊళ్ళలోని పాఠకుల సంఘాలన్నీ ఇక రద్దు, అభిమానులందరూ కంపెనీ వారి యాప్‌లో చేరవలెను. నరసరావుపేట సంఘానికి అధ్యక్షుణ్ణి నేను. తాత మునసబుగిరీ చేశాడు. నాన్న పంచాయతీకి నిలబడి ఓడిపోయాడు. మా వంశానికి మిగిలిన పదవి ఇదొక్కటే. ఫోటో స్టూడియో మేడ మీద గదిలో, ఆదివారం సాయంత్రాలు, నేను చేతుల కుర్చీలోనూ మిగతావాళ్ళు ప్లాస్టిక్ కుర్చీల్లోనూ కూర్చుంటాం. కొత్త సంచిక ఎలా ఉందో మొదట నేను చెప్పాలి. తర్వాతే ఎవరైనా విభేదించాలి.

ఆ ఆదివారం గది నిండిపోయింది. పత్రిక చదవడం ఎప్పుడో మానేసినవాళ్ళు కూడా దాన్ని కాపాడుకోవడానికి వచ్చారు. కథానాయకుడికి మీసం తీసేస్తున్నారన్న పుకారు వాళ్ళకంటే ముందే వచ్చి కూర్చుంది.

"మీసం లేకుండా కత్తి ఎట్టా తిప్పుతాడు?" అన్నాడు కారంపూడి నుంచి వచ్చిన బస్సు కండక్టరు.

"ఇప్పటిదాకా మీసంతో తిప్పాడా ఏంది?" అన్నారు వెనక నుంచి.

"నీకు లేదు కాబట్టి అట్టా అంటన్నావు."

కార్యదర్శి లేచి చెయ్యెత్తాడు. "మీసం సంగతి తర్వాత. ముందు పొజిషన్ ఎవరిదో తేల్చండి."

పొజిషన్ అంటే మా వైపు, కాగితాలు ఎవరివైనా భూమి ఎవరి చేతుల్లో ఉందనేది. పల్నాడులో ఆ మాట పడితే పిల్లలు కూడా అల్లరి మానేస్తారు. సాగరు కాలువ కింద మా భూమికి కాగితాలు మా బీరువాలో ఉన్నాయి, పంట మాత్రం వేరేవాళ్ళ గాదెల్లో ఉంటుంది. మా ఇంట్లో అన్నం దగ్గర ఆ మాట ఎత్తరు.

"కంపెనీ కాడ కాయితాలు ఉంటే ఉండనీ," అన్నాడు కార్యదర్శి. "ఇన్నేళ్ళూ చదివింది మనం. అనుభవం మనది. తగాదా స్థలంలో ఏం చేస్తాం? బోర్డు పాతుతాం."

అందరూ చప్పట్లు కొట్టారు. బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ లేచింది. మీసం మెలేస్తున్న వీరుడి కింద ఇలా రాయించాం: 'ఈ వీరుడు నరసరావుపేట పాఠకుల స్వాధీనానుభవంలో ఉన్నాడు. అక్రమంగా ప్రవేశించువారు శిక్షార్హులు.' సర్వే నంబరు ఏం వేయాలని ఫ్లెక్సీ షాపతను అడిగాడు, అలవాటుగా. మొదటి సంచిక నంబరు వేయించాం. పై మూలన నా ఫోటో. కార్యదర్శి తన ఫోటో కూడా అంతే ఉండాలన్నాడు. సగం చేయించాను.

ఆ ఫ్లెక్సీ ఫోన్లన్నీ తిరిగింది. వారం తిరక్కుండా కంపెనీ హైదరాబాదు నుంచి ఒక అమ్మాయిని పంపింది. నోటీసు తెచ్చిందనుకుని నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. ఆమె ఫ్లెక్సీ పక్కన నిలబడి నవ్వుతూ సెల్ఫీ తీసుకుంటోంది.

"అంకుల్, ఇంత మంచి ప్రచారం మేం చేయించినా రాదు. జిల్లాకి ఒక ఫ్యాన్ అంబాసిడర్‌ని పెడుతున్నాం. మీరే ఉండాలి. టీషర్టు కూడా ఇస్తాం."

"ఆ పదవికి పైన ఎవరుంటారమ్మా?"

"నేనే అంకుల్. ఏదైనా పోస్టు పెట్టేముందు నాకు చూపిస్తే చాలు."

"మా ఇంట్లో ఎవరూ ఇంకొకరి కింద పని చేయలేదు."

"పని కాదంకుల్. దీనికి జీతం ఉండదు."

"జీతం లేకుండా అసలే చేయలేదు."

నా వెంట వచ్చిన కార్యదర్శి ముందుకు జరిగాడు. "బాబాయ్ వద్దంటన్నాడుగా మేడమ్. నా సైజు ఎక్స్ ఎల్."

ఆ విధంగా సంఘం పోయింది. ఆదివారం మేడ ఎక్కితే గదికి తాళం ఉంది. కంపెనీ వారి మొదటి సంచికలో వీరుడు నున్నటి గడ్డంతో దిగాడు, మూతి మీద నూగు కూడా లేదు. బోర్డు పాతిన వాళ్ళందరూ తలా రెండు కాపీలు కొన్నారు. ఒకటి చదవడానికి, ఇంకొకటి నలుగురికీ చూపించి తిట్టడానికి.

ఆ సంచిక ఆవిష్కరణ సభ ఫంక్షన్ హాల్లో జరిగింది. వెళ్ళకపోతే మొహం చాటేశాడంటారని వెళ్ళాను. చివరి వరసలో కూర్చున్నాను. టీషర్టు వేసుకున్న కార్యదర్శి వేదిక మీద మైకు అందుకుని నన్ను వెతికాడు.

"ముందుగా మన సంఘం మాజీ అధ్యక్షుల వారిని వేదిక మీదికి రావలసిందిగా కోరుతున్నాం."

వరసలో అందరూ లేచి దారి ఇచ్చారు. నడుస్తుంటే నాకు విషయం బోధపడింది. మా ప్రాంతంలో పదవి ఉన్నవాడికి ఐదేళ్ళకోసారి గండం. మాజీకి ఏ గండమూ లేదు. చచ్చేదాకా పెళ్ళి పత్రికల్లో, శిలాఫలకాల మీద అతను మాజీయే. కంపెనీ నా ఈ మాజీ పదవిని రద్దు చేయాలంటే ముందు మా సంఘాన్ని మళ్ళీ పెట్టాలి. అంత తెలివి వాళ్ళకు లేదు.

కార్యదర్శి శాలువా తెచ్చాడు. నేను మెడ వంచలేదు. అతనే మునివేళ్ళ మీద లేచి కప్పాడు.